వాచీకి నప్పే స్ట్రాప్ వెడల్పు ఎలా ఎంచుకోవాలి?

కొత్త స్ట్రాప్ వేశాక వాచీ ఎందుకో తేడాగా కనిపిస్తోందా? చాలాసార్లు తప్పు రంగుదీ కాదు, తోలుదీ కాదు, వెడల్పుది. రెండు మిల్లీమీటర్ల తేడా స్కేలు మీద కంటికి ఆనదు కానీ మణికట్టు మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

వాచీ కేసుకు, అంటే డయల్, యంత్రం ఇమిడి ఉండే లోహపు డబ్బాకు, పైనా కిందా రెండేసి కొమ్ములు ఉంటాయి కదా, వాటిని లగ్స్ అంటారు. స్ట్రాప్ అక్కడ ఎంత వెడల్పు ఉండాలో నిర్ణయించేది ఆ కొమ్ముల మధ్య ఖాళీయే, మనం కాదు. అక్కడి నుంచి బకిల్ దాకా స్ట్రాప్ ఎంత సన్నబడాలి, ఎంత మందం ఉండాలి అన్నవే మన చేతిలో ఉంటాయి. వాచీ అందం కుదిరేదీ, చెడేదీ ఎక్కువగా అక్కడే.

1. ముందు లగ్స్ మధ్య ఖాళీ కొలవండి

పాత స్ట్రాప్‌ను కొలిచి అదే సైజు కొనకండి. వాడగా వాడగా తోలు అంచులు నలిగిపోతాయి, కొలత తప్పు వస్తుంది. స్ట్రాప్ తీసేసి, స్ప్రింగ్ బార్ (స్ట్రాప్‌ను లగ్స్‌కు పట్టి ఉంచే సన్నటి కడ్డీ) కూర్చునే రంధ్రాల దగ్గర, ఒక లగ్ లోపలి గోడ నుంచి రెండో లగ్ లోపలి గోడ దాకా కొలవాలి. వెర్నియర్ కాలిపర్స్ ఉంటే మంచిదే. లేకపోతే ఒక అట్టముక్కను కొద్దికొద్దిగా కత్తిరిస్తూ లగ్స్ మధ్య సరిగ్గా ఇమిడేలా చేయండి. తర్వాత దాన్ని స్కేలు మీద పెట్టి చూడండి.

ఎక్కువగా కనిపించేవి 18, 20, 22 మి.మీ. కానీ 19, 21 కూడా ఉన్నాయి. అట్ట 19 చూపిస్తుంటే 18తోనో 20తోనో సరిపెట్టుకుందామనుకోకండి, 19 స్ట్రాప్ వెతకండి. అది దొరకనే దొరకకపోతే మెత్తటి బట్ట స్ట్రాప్ ఒక మిల్లీమీటరు ఎక్కువున్నా నొక్కితే ఇముడుతుంది. లోహపు బ్రేస్‌లెట్‌తో ఆ వీలు లేదు. రెండు మిల్లీమీటర్ల తేడా మాత్రం దేనితోనూ వద్దు. నేను ఒకసారి 18 మి.మీ. లగ్స్ మధ్య 20 మి.మీ. తోలు స్ట్రాప్ బలవంతంగా ఎక్కించాను. కొన్ని వారాల్లోనే అంచులు ముడతలు పడి, కుట్లు పైకి తేలాయి. తక్కువ వెడల్పుది వేస్తే ఇంకో బాధ. స్ప్రింగ్ బార్ బయటికి కనిపిస్తుంది, స్ట్రాప్ అటూ ఇటూ జరుగుతూ ఉంటుంది.

2. కేసుతో పోల్చి చూడండి

లగ్స్ మధ్య ఖాళీ కేసు వ్యాసంలో దాదాపు సగం ఉంటే కంటికి నిండుగా ఉంటుంది. 36కు 18, 40కి 20, 44కు 22. కొత్త వాచీ కొనేటప్పుడే ఈ లెక్క వేసుకోవాలి, ఎందుకంటే తర్వాత దీన్ని మార్చలేం. 46 మి.మీ. కేసుకు 20 మి.మీ. స్ట్రాప్ ఉంటే దారానికి పళ్లెం కట్టినట్టుంటుంది.

అయితే ఇది గీత గీసిన రూలు కాదు. ఒమేగా స్పీడ్‌మాస్టర్ మూన్‌వాచ్ కేసు 42 మి.మీ., లగ్స్ మధ్య 20. సగానికి తక్కువే అయినా, వంపు తిరిగిన ఆ లగ్స్ వల్ల వెలితిగా అనిపించదు. 2020లో రోలెక్స్ సబ్‌మెరీనర్ కేసు 40 నుంచి 41కి పెరిగింది. అప్పుడే లగ్స్‌ను సన్నం చేసి బ్రేస్‌లెట్‌ను 20 నుంచి 21కి పెంచారు. సైజు పెరిగినా, నా కంటికి పాతదానికన్నా కొత్తదే నాజూగ్గా ఉంది. కాబట్టి వ్యాసం ఒక్కటే కాదు, లగ్స్ లావు కూడా చూడాలి.

3. బకిల్ వైపు ఎంత సన్నబడాలో తేల్చుకోండి

అసలు ఎంపిక ఇదే. స్ట్రాప్ వెనక 20/16 అని ఉంటే లగ్స్ దగ్గర 20, బకిల్ దగ్గర 16 అని అర్థం. నాలుగు మిల్లీమీటర్లు తగ్గే స్ట్రాప్ పలుచటి వాచీకి, సన్నటి మణికట్టుకు చాలా బాగుంటుంది. 20/18 రోజూ పెట్టుకునే వాచీకి సరిపోతుంది. బరువైన డైవింగ్ వాచీకి బకిల్ వైపు మరీ సన్నబడితే మాత్రం వాచీ పక్కకు వాలుతుంది. పాత బకిల్‌నే వాడాలనుకుంటే అది కొత్త స్ట్రాప్ చివరి వెడల్పుకు సరిపోవాలి. చాలామంది మర్చిపోయేది ఇదే.

కొనేముందు కాగితంతో రెండు నమూనాలు కత్తిరించండి: ఒకటి 20 నుంచి 16కు, ఇంకొకటి 20 నుంచి 18కి. స్ట్రాప్ తీసేసిన వాచీ కింద పెట్టి మణికట్టుకు టేపుతో అంటించి, అద్దంలో చూసుకోండి. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూస్తే అన్నీ పెద్దగానే కనిపిస్తాయి. అద్దంలో అయితే ఎదుటివాళ్లకు కనిపించే దూరం నుంచి చూస్తాం.

4. మందం

పలుచటి వాచీకి 2 మి.మీ., మందపు వాచీకి 4 మి.మీ. దాకా బాగుంటుంది. లావు స్ట్రాప్ అయితే కేసుకూ స్ప్రింగ్ బార్‌కూ మధ్య చోటు చాలుతుందో లేదో చూడండి. లేకపోతే తోలు కేసుకు రాసుకుంటుంది. వాచీ కింద నుంచి దూర్చే నైలాన్ స్ట్రాప్ అయితే వాచీ చేతి మీద కాస్త ఎత్తుగా కూర్చుంటుంది.

5. బిగించడం

స్ప్రింగ్ బార్ కూడా మీరు కొలిచిన వెడల్పుదే కావాలి. పాతది వంగినా, దాని స్ప్రింగ్ మెత్తబడినా మార్చేయండి. రెండు కొసలూ రంధ్రాల్లో కూర్చున్నాక స్ట్రాప్‌ను రెండువైపులా మెల్లగా లాగి చూడండి. కదలకపోతే చేతికి పెట్టుకోవచ్చు.