చిత్త కింద మూడున్నర పిడికిళ్లు

కెమెరా, ట్రైపాడ్ ఉన్నవాళ్లు మే నెల అమావాస్య రోజుల్లో ఒమెగా సెంటారీని తప్పకుండా తీయండి. దాదాపు 17 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న గోళాకార నక్షత్ర గుచ్ఛం అది. మన నెల్లూరు జిల్లా నుంచి దక్షిణాన 27, 28 డిగ్రీల ఎత్తుకే వస్తుంది. కాబట్టి అటువైపు ఊరి లైట్లు లేని చోటు చూసుకోవాలి. నేను ఉదయగిరి వైపు వెళ్తాను. మైపాడు తీరంలో తేమ ఎక్కువ, ఏసీ కారులోంచి తీసిన లెన్స్ మీద క్షణాల్లో ఆవిరి పట్టేస్తుంది.

వెతకడం తేలిక. మే మధ్యలో రాత్రి పది దాటాక చిత్త నక్షత్రం నడినెత్తికి కాస్త దక్షిణంగా ఉంటుంది. అక్కడి నుంచి నిట్టనిలువుగా, చాచిన చేతి పిడికిలితో మూడున్నర పిడికిళ్లు కిందికి దిగితే మసక చుక్క కనిపిస్తుంది, అదే.

ముందు చిత్తను స్క్రీన్ మీద పెద్దది చేసి, అది అతి చిన్న చుక్కయ్యేదాకా ఫోకస్ రింగ్ తిప్పి, రింగ్‌కి టేప్ వేసేయండి.

ఎక్స్‌పోజర్ పెంచకండి. మొదట్లో నేను పెంచితే గుచ్ఛం నడుమ అంతా తెల్లటి ముద్దయింది, ఒక్క చుక్కా విడిగా లేదు. 135 ఎంఎం లెన్స్‌తో ఐఎస్ఓ 1600 పెట్టి, రెండేసి సెకన్ల ఫొటోలు రెండు వందలు తీయండి. మధ్యమధ్యలో ఫ్రేమ్ సరిచేసుకుంటూ ఉండాలి. తర్వాత సిరిల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వాటన్నిటినీ స్టాక్ చేస్తే, అంటే ఒకదానిపై ఒకటి పేర్చి ఒకే ఫొటోగా కలిపితే, నడిమి చుక్కలు ఇసుక రేణువుల్లా విడివిడిగా తేలతాయి.