పాత కారుకు తుప్పు: ఎక్కడ కనబడితే కారణమేంటి, ఏం చేయాలి

మంచు కురిసే దేశాల్లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, మంచు గడ్డకట్టకుండా. ఆ ఉప్పునీళ్లు అడుగున చేరి కార్లను తినేస్తాయి. మన విజయవాడలో ఆ మంచూ లేదు, ఆ ఉప్పూ లేదు. అయినా ఇక్కడి పాత కార్లకూ తుప్పు పడుతుంది. ఎందుకంటే ఉప్పు తుప్పును తొందరపెడుతుందంతే. అసలు తుప్పు పట్టించేది ఇనుము మీద ఆరకుండా ఉండిపోయిన తడి, దానికి తోడు గాలి. అందుకే తుప్పు ఎక్కడ కనబడినా పెయింట్ గురించి తర్వాత, ముందు నీళ్లు ఎటునుంచి వచ్చాయో, ఎందుకు బయటికి పోలేదో చూడండి.

తలుపు అడుగు అంచున పెయింట్ పొక్కులు

ఎక్కువ కార్లలో మొదట కనబడేది ఇదే. అద్దం పక్క రబ్బరు సందుల్లోంచి వాన నీళ్లు తలుపు లోపలికి దిగడం మామూలే. అవి పోవడానికే కంపెనీ వాళ్లు తలుపు అడుగున చిన్న చిన్న రంధ్రాలు పెడతారు. దుమ్ము, ఆకులు చేరి అవి మూసుకుపోతే నీళ్లు లోపలే నిలిచి, రేకును లోపలి నుంచి తింటాయి. పొక్కు బయటికి కనబడేసరికి లోపల చాలా పని జరిగిపోయి ఉంటుంది.

మా కారు తలుపు కింద రంధ్రంలో సైకిల్ పుల్ల పెట్టి కదిపితే అరగ్లాసు నల్లటి నీళ్లు, వాటితో పాటు కుళ్లిన చింతాకు కారాయి. వాన వెలిసి అప్పటికి నాలుగు రోజులైంది!

ముందు రంధ్రాలు శుభ్రం చేయండి. పొక్కును గీకి, మెరిసే ఇనుము కనబడేదాకా ఎమెరీ పేపర్‌తో రుద్దండి. గుంటల్లో మిగిలిన తుప్పుకు రస్ట్ కన్వర్టర్ (తుప్పును గట్టి పొరగా మార్చే మందు) పూసి, ఆరాక ప్రైమర్, ఆపైన పెయింట్. రేకు చిల్లు పడితే కుళ్లిన ముక్క కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాల్సిందే. ఆటోనగర్‌లో ఎవరైనా "పుట్టీ పెట్టేద్దాం సార్, తెలీదు" అంటే దయచేసి ఒప్పుకోకండి. పుట్టీ తడిని పీలుస్తుంది, కింద తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. మళ్లీ వానాకాలానికి అదే చోట పొక్కు లేస్తుంది.

కాళ్ల కింద తడి, ముక్క వాసన

వైపర్ల కింద ఆకులు పేరుకున్నా, ఏసీ నీళ్ల పైపు పూడినా, ముందు అద్దం రబ్బరు వదులైనా నీళ్లు లోపలికి వస్తాయి. పై మ్యాట్ ఎండబెడితే చాలదు. దాని కింది కార్పెట్, ఇంకా అడుగున దూదిలాంటి మెత్త స్పాంజిలా నీళ్లు పట్టి ఉంటాయి. సీట్లు విప్పి మొత్తం తీసి ఎండలో వేయండి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ఇప్పుడు సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు సీటు బోల్టులు, డిక్కీలో స్టెప్నీ కింది గుంట తప్పకుండా చూడాలి. పైన పాలిష్ ఎంత మెరిసినా అక్కడి తుప్పు దాగదు.

చక్రాల పైన, మడ్‌గార్డ్ అంచుల్లో తుప్పు

గుంటూరు పొలాల వైపు తిరిగే కార్లకు ఇది ఎక్కువ. నల్లరేగడి బురద మడత అంచులో ఇరుక్కుని రోజుల తరబడి తడిని పట్టి ఉంచుతుంది. పైపైన కడిగితే పోదు, వేలితో తీసి నీళ్లు కొట్టాలి. సూర్యలంక బీచ్‌కి వెళ్లొస్తే మాత్రం అదే రోజు అడుగంతా మంచినీళ్లతో కడిగించండి. మన దగ్గర ఉప్పు బాధ అక్కడే.

సైలెన్సర్ చిల్లు

లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీళ్లు ఆవిరిగా పుడతాయి. బండి రోజూ ఊళ్లోనే బీసెంట్ రోడ్డు దాకా వెళ్లి వచ్చేదే అయితే సైలెన్సర్ వేడెక్కదు, ఆ ఆవిరి లోపలే నీరవుతుంది. వారానికోసారి గుంటూరు దాకా ఆపకుండా నడిపితే ఆరిపోతుంది. చిల్లు పడ్డాక అతుకులు నిలవవు, మార్చేయండి.

పొద్దున్నే బ్రేక్ డిస్కు మీద నారింజ రంగు

ధనుర్మాసం పొగమంచుకి, వానకి ఇది సహజం. నాలుగు బ్రేకులు వేస్తే పోతుంది, టెన్షన్ అక్కర్లేదు. ఆ మంచుకి భయపడి ప్లాస్టిక్ కవర్ బిగించి కప్పుతారు కొందరు. దాంతో తడి లోపలే ఉండిపోతుంది. గాలి ఆడే గుడ్డ కవర్ వాడండి, లేదంటే కారును అలాగే వదిలేయండి. ఎండెక్కేసరికి అదే ఆరుతుంది.