సింగపూర్ షాపింగ్ మీద జీఎస్టీ రీఫండ్: దరఖాస్తు ఎక్కడ దెబ్బతింటోంది

మా నాచారం అపార్ట్‌మెంట్లో మూడో అంతస్తు పిన్నిగారు రబ్బరు బ్యాండ్ వేసిన బిల్లుల కట్ట పట్టుకుని మా ఇంటికొచ్చారు. వేసవి సెలవులకి ఇంటిల్లిపాదీ సింగపూర్ వెళ్లొచ్చారు. ఆఖరి రోజంతా షాపింగే. "ట్యాక్స్ వెనక్కిస్తారటగా, ఆన్‌లైన్లో కాస్త పెట్టిపెడతావా అమ్మా?" అన్నారు. అప్పటికే ఎవరో ఒకతను ప్రాసెసింగ్ అని చెప్పి పదిహేను వందలు వేయించుకుని ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆ కట్ట మొత్తానికీ పైసా రాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కాఫీ తాగాక చెప్పాను.

అందుకే మొదటే చెప్పేస్తున్నా. ఈ రీఫండ్‌కి హైదరాబాద్ నుంచి దరఖాస్తు చేసే దారి లేదు. విమానం ఎక్కేముందు, చాంగీ ఎయిర్‌పోర్టులోనే, వస్తువు కొన్న మనిషే చేసుకోవాలి. ఇంటికొచ్చాక ఇప్పిస్తానని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

సంగతేంటంటే, 2024 జనవరి 1 నుంచి సింగపూర్లో జీఎస్టీ 9 శాతం. బిల్లు ధరలోనే అది కలిసి ఉంటుంది. పర్యాటకులు ఆ వస్తువుల్ని దేశం దాటించి తీసుకెళ్తే ఈ పన్ను వెనక్కిస్తారు. 545 సింగపూర్ డాలర్ల బిల్లులో పన్ను 45 డాలర్లు. రీఫండ్ ఏజెన్సీ తన సర్వీసు చార్జీ పట్టుకుని మిగతాది ఇస్తుంది, కాబట్టి పూర్తి 45 చేతికి రాదు. అయినా మన లెక్కలో రెండు వేల పైచిలుకు.

హోటల్ గది, తిన్న భోజనం, అక్కడే వాడి పారేసినవి దీనికి లెక్కలోకి రావు. అన్ని షాపులూ రావు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి, ఈ పథకంలో చేరిన షాపు అయ్యుండాలి. ఏడాదికి పది లక్షల డాలర్ల లోపు అమ్మకాలున్న వ్యాపారికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అందువల్ల బుగిస్ స్ట్రీట్ లాంటి చోట చిన్న కొట్టు ముందు నిలబడి, జనరల్ బజార్లో ఆడినట్టు బేరమాడి పది డాలర్లకి నాలుగు టీషర్టులు కొంటే, మీ లాభం ఆ బేరంలోనే అయిపోయిందనుకోండి. ముస్తఫా సెంటరైనా, ఇంకో పెద్ద షాపైనా, కొనకముందే కౌంటర్లో "టూరిస్ట్ రీఫండ్ ఇస్తారా?" అని ఒక్క మాట అడగండి. కనీసం 100 డాలర్ల కొనుగోలు ఉండాలి. ఒకే షాపులో అదే రోజు కొన్న మూడు బిల్లుల వరకూ కలుపుకోవచ్చు. వేరే షాపు బిల్లుతో కలపరు.

ఇక అందరూ బోర్లాపడే చోటుకి వద్దాం. పాస్‌పోర్టు. ఒరిజినల్ పాస్‌పోర్టు, కొనేటప్పుడు, షాపులోనే చూపించాలి. జిరాక్స్ కుదరదు. ఫోన్లో ఫోటో కూడా కుదరదు. మనవాళ్లేమో పాస్‌పోర్టు పోతే ఎంబసీ చుట్టూ తిరగాలని భయపడి హోటల్ లాకర్లో పెట్టి తాళం వేస్తారు. టూర్ మేనేజర్లు కూడా అదే సలహా ఇస్తారు, వాళ్ల టెన్షన్ వాళ్లది. మేం సింగపూర్ వెళ్లినప్పుడు మేమూ అలాగే చేశాం. రైస్ కుక్కర్, రెండు ట్రాలీ బ్యాగులు, పిల్లల బూట్లు, మా అత్తయ్యకి బీపీ మిషను, అన్నీ బిల్లింగ్ దాకా తెచ్చాక కౌంటర్లో అమ్మాయి చెయ్యి చాపి "పాస్‌పోర్ట్?" అంది. ఫోన్లో ఫోటో చూపించాను. తల అడ్డంగా ఊపింది. మా ఆయన మెట్రో ఎక్కి హోటల్‌కి వెళ్లి వచ్చేసరికి గంటా పది నిమిషాలు. అంతసేపూ మా చిన్నది రైస్ కుక్కర్ అట్టపెట్టె మీద కూర్చుని చాక్లెట్లు ఖాళీ చేసింది. మా అదృష్టం, సరుకు పక్కన పెట్టి ఆగారు. ముందు డబ్బు కట్టేసి రేపొచ్చి రీఫండ్ ఎంట్రీ వేయించుకుంటాం అంటే ఒప్పుకోవాలని ఏ షాపుకీ లేదు. షాపింగ్ చేసే ఆ ఒక్క రోజు పాస్‌పోర్టు మెడలో వేసుకునే పౌచ్‌లో పెట్టుకుని, చొక్కా లోపల వేసుకోండి. సరిపోతుంది.

పాస్‌పోర్టు స్కాన్ చేశాక, ఎంట్రీ ఎవరి పేరు మీద పడిందో అక్కడే అడిగి తెలుసుకోండి. ఈ ప్రశ్న చిన్నదిగానే కనిపిస్తుంది, కానీ కుటుంబంతో వెళ్లినప్పుడు గొడవంతా ఇక్కడే. నాన్న పేరు మీద 60 డాలర్ల బిల్లు, అమ్మ పేరు మీద 70 డాలర్ల బిల్లు ఉంటే రెండూ కలిపి 130 కావు, రెండూ వందకి తక్కువే. అందుకని ఒక షాపులో ఇంటికి కావాల్సినవన్నీ ఒకరే కొనడం మేలు. పదహారేళ్లు నిండని పిల్లల పేరు మీద వేయించవద్దు, వాళ్లకి అర్హత లేదు. సింగపూర్లో ఉద్యోగం చేస్తున్న కొడుకు దగ్గరికి వెళ్లినవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అక్కడ పని చేస్తున్నవాళ్లు పర్యాటకులు కారు. అబ్బాయి ముచ్చటపడి అన్నీ తనే కొనిపెడితే ఆ కొనుగోలుకి రీఫండ్ ఉండదు. చుట్టపుచూపుగా వెళ్లిన అమ్మానాన్నలు తమ కోసం తాము కొనుక్కుంటే ఉంటుంది.

ఇంకో మాట. గ్రూపు టూర్లలో "అందరి సామానూ ఒకరి పాస్‌పోర్టు మీద వేయిద్దాం, నేను చూసుకుంటా, మనిషికి ఐదు డాలర్లివ్వండి" అనే పెద్దమనిషి ఒకడు తయారవుతాడు. మీ పాస్‌పోర్టు మీద పడ్డ వస్తువు మీ దగ్గర ఉండాలి. కస్టమ్స్ అధికారి చూపించమంటే అది ఇంకొకరి సూట్‌కేస్‌లో ఉందని చెప్పడం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. తప్పుడు క్లెయిమ్ అక్కడ నేరం.

చాంగీలో పని నిజానికి తేలిక, వరస తప్పకపోతే. సామాను చెకిన్‌లో వేసేట్టయితే, వేయకముందే చెకిన్ హాల్లో ఉన్న ఈటీఆర్‌ఎస్ కియోస్క్ (ఈ రీఫండ్‌కి మనమే దరఖాస్తు చేసుకునే మిషను) దగ్గరికి వెళ్లాలి. పాస్‌పోర్టు స్కాన్ చేస్తే మీ కొనుగోళ్లన్నీ తెర మీద కనిపిస్తాయి. నగదా, కార్డా ఎంచుకుంటే స్లిప్పు వస్తుంది. అప్రూవ్డ్ అని ఉంటే అయిపోయినట్టే. లేదంటే పక్కనే ఉన్న కస్టమ్స్ కౌంటర్లో సామాను, ఒరిజినల్ బిల్లులు, టికెట్టు చూపించాలి. కంగారేం లేదు, దొంగని పట్టుకున్నట్టు చూడరు. మా ట్రాలీ తెరిపించి, చీరల కింద నుంచి బీపీ మిషను డబ్బా తీయించి, చూసి, సరే వెళ్లండన్నారు. రెండు నిమిషాల పని. అదే సూట్‌కేస్ అప్పటికే బెల్టు మీద వెళ్లిపోయి ఉంటే చూపించడానికి మన దగ్గర ఏముంటుంది? చేతి బ్యాగులో ఉన్నవాటికి మాత్రం ఇమిగ్రేషన్ దాటాక లోపల కూడా కియోస్కులు ఉంటాయి. నగదు ఎంచుకున్నవాళ్లకి డబ్బిచ్చే కౌంటరూ లోపలే. సామానుతో మామూలుగా వెళ్లేదానికన్నా గంట ముందు బయల్దేరండి.

సింగపూర్, మలేషియా కలిపి ప్యాకేజీ తీసుకున్నవాళ్లు టికెట్టు ఒకసారి తీసి చూడండి. ముందు సింగపూర్ చూసి, బస్సులో జొహోర్ మీదుగా మలేషియా వెళ్లి, కౌలాలంపూర్ నుంచి హైదరాబాద్ విమానం ఎక్కే ప్యాకేజీలు చాలా ఉన్నాయి. రోడ్డు దారిన వెళ్లిపోతే ఈ రీఫండ్ రాదు, విమానంలో వెళ్లేవాళ్లకే. పిన్నిగారి బిల్లులు పనికిరాకపోవడానికి పాస్‌పోర్టు ఒక కారణమైతే, ఇది రెండోది. ఇంకో గడువు కూడా ఉంది. కొన్న రోజు నుంచి రెండు నెలల్లో వస్తువుతో సహా దేశం దాటాలి. వారం టూరుకి ఇది అడ్డం కాదు, మనవరాలి దగ్గర మూడు నెలలు ఉండొచ్చే అమ్మమ్మలకే అడ్డం.

శంషాబాద్‌లో దిగాక మన కస్టమ్స్ సంగతి వేరు. అక్కడ పన్ను వెనక్కి వచ్చింది కదా అని ఇక్కడ కట్టనక్కర్లేదని కాదు. సుంకం లేకుండా తెచ్చుకునే విలువకి మనిషికింత అని పరిమితి ఉంది. 2016 బ్యాగేజీ నిబంధనల్లో అది 50 వేల రూపాయలుగా ఉండేది, 2026 ఫిబ్రవరిలో 75 వేలకి పెంచారు. ఇలాంటి అంకెలు మారుస్తుంటారు కాబట్టి బయల్దేరేముందు కస్టమ్స్ వెబ్‌సైట్లో చూసుకోండి. ఒకరి వాటాకి ఇంకొకరిది కలిపే వీలు ఇక్కడా లేదు. నలుగురం వెళ్లాం, నలుగురి వాటా కలిపి ఒక ఖరీదైన ఫోన్ తెచ్చుకుంటామంటే కుదరదు. ఫ్లాట్ టీవీకి అసలు మినహాయింపే లేదు. పరిమితి దాటితే రెడ్ చానెల్‌కి (సుంకం కట్టాల్సిన సామాను ఉన్నవాళ్లు వెళ్లే దారి) వెళ్లి మీరే చెప్పండి. సుంకం కట్టేదేమీ లేనివాళ్ల దారి అయిన గ్రీన్ చానెల్లో పట్టుబడి చెప్పేది వేరే లెక్క. వెళ్లేటప్పుడు ఒంటి మీద ఎక్కువ బంగారం ఉంటే, బయల్దేరేముందే శంషాబాద్ కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకుంటే వచ్చేటప్పుడు ఇది ఇక్కడిదేనని వాదించే పని ఉండదు.

పిన్నిగారు వెళ్తూ ఆ బిల్లుల కట్ట చెత్తబుట్టలో వేయబోయారు. రైస్ కుక్కర్ వారంటీ బిల్లు మాత్రం తీసి పక్కన పెట్టమన్నాను.