అక్కలిద్దరికీ ఒకడే మొగుడా? ఇంగ్లీషు వాక్యంలో 'ఎస్' లెక్క కుదర్చడం ఎలాగంటే

మా దగ్గరికి ట్యూషన్‌కి వచ్చే తొమ్మిదో తరగతి గుంటడు ఒకడు సంక్రాంతి మీద పేరాగ్రాఫ్ రాసి తెచ్చాడు, అందులో ఒక లైను ఇదీ: "మై టూ సిస్టర్స్ కేమ్ విత్ దెయిర్ హజ్బెండ్ అండ్ చిల్డ్రన్." నాకు నవ్వాగలేదు, వాడికేమో ఎందుకు నవ్వుతున్నానో అర్థం కాలేదు. వాడు మనసులో అనుకున్నది "మా అక్కలిద్దరూ మొగుడూ పిల్లల్తో వచ్చారు" అని. ఇందులో తప్పేటుంది? ఏటీ లేదు. తెలుగులో ఆ మాట విని అక్కలిద్దరికీ కలిపి ఒకడే మొగుడని ఎవరూ అనుకోరు, ఇంగ్లీషులో మాత్రం ఆ వాక్యం అచ్చంగా అదే చెప్తుంది. "హజ్బెండ్స్" అని ఒక్క ఎస్ పెడితే కాపురాలు రెండూ నిలబడతాయి.

మాది పర్లాకిమిడి. పక్కనే పాతపట్నం, అది ఆంధ్రా, ఇది ఒడిశా. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పరీక్షలో ఇంగ్లీషు పేపరు. బరంపురం, గుణుపురం, రాయగడ వైపు తెలుగిళ్ళ పిల్లలది కూడా చాలామటుకు ఇదే కథ. గిడుగు రామ్మూర్తి గారు మాస్టారుగా పనిచేసి, వాడుకభాష కోసం కొట్లాడింది ఈ ఊళ్ళోంచే కాబట్టి నేను కూడా మాట్లాడినట్టే రాస్తున్నాను, గ్రాంథికం వెతక్కండి.

పిల్లలు ఎక్కడ తప్పు చేస్తున్నారో చూస్తే అది తెలివితక్కువతనం కాదు, ఒక్కో భాష ఒక్కోలా లెక్కపెడుతుంది, అదీ సంగతి. ఒడియాలో "దుయిటా బొహి" అంటారు, దుయి అంటేనే రెండని తెలిసిపోయింది కాబట్టి బొహికి మళ్ళీ బహువచనం తగిలించరు. మనం "రెండు పుస్తకాలు" అంటాం. ఇంగ్లీషు కూడా "టూ బుక్స్" అంటుంది. అందుకని "త్రీ బుక్", "ఫైవ్ పెన్" అని రాసే గుంటల్ని తిట్టకండి, ఒడియాలో ఆలోచించి రాస్తున్నారంతే, "తెలుగులో ఎలగంటావు?" అని అడిగితే వాళ్ళే దిద్దుకుంటారు. ఈ ఒక్క చోట తెలుగు మనకి సాయం.

మిగతా చోట్ల తెలుగే ముంచుతుంది. క్లాసులో మాస్టారు ఏమంటారు? "అందరూ పేరు రాయండి", "అందరూ నోరు మూసుకోండి". పిల్లలు ఏం చేశారు? "తల ఊపారు." యాభై మంది ఉన్నా పేరు ఒకటే, నోరు ఒకటే, తల ఒకటే. ఎందుకంటే తెలుగు తలకి ఇంత అని లెక్కేస్తుంది, విస్తరి ముందు కూచున్న మనిషి మనిషికీ వడ్డించినట్టు. ఇంగ్లీషు అందరి విస్తళ్ళూ కలిపి కుప్ప పోసి లెక్కేస్తుంది. యాభై మందికి యాభై తలలు, అందుకని "ది చిల్డ్రన్ నాడెడ్ దెయిర్ హెడ్స్." "రైట్ యువర్ నేమ్స్." "దే ఓపెన్డ్ దెయిర్ మౌత్స్." ఈ కుప్ప లెక్క ఒక్కటి బుర్రకెక్కితే సగం పని అయిపోయినట్టే.

కాబట్టి చెయ్యాల్సింది ఏటంటే, వాక్యం రాశాక ముందు చేసేవాళ్ళు ఒకరా ఎక్కువమందా చూడండి. ఎక్కువమంది అయితే పెన్సిల్‌తో ఆ మాట కింద గీత గియ్యండి. తర్వాత వాక్యంలో మిగిలిన నామవాచకాల దగ్గర ఆగి "ఇది వీళ్ళందరికీ కలిపి ఒకటేనా, ఎవరిది వాళ్ళకుందా?" అని అడగండి. ఎవరిది వాళ్ళకుంటే ఎస్ పెట్టండి, అందరికీ కలిపి ఒకటే అయితే పెట్టొద్దు. "మై అంకుల్స్ సోల్డ్ దెయిర్ హౌస్" అంటే బాబాయిలందరూ కలిసి ఉమ్మడి ఇల్లు అమ్మేశారు, "హౌసెస్" అంటే ఎవరిల్లు వాళ్ళు అమ్ముకున్నారు. రెండూ కరెక్టే, జరిగింది ఏదన్నది మీకే తెలియాలి. అలాగే "ది టూ బాయ్స్ కాల్డ్ దెయిర్ మదర్" అంటే వాళ్ళిద్దరూ అన్నదమ్ములు, "మదర్స్" అంటే ఇరుగు పొరుగు పిల్లలో, ఫ్రెండ్సో. ఒక్క అక్షరంలో చుట్టరికం మారిపోతుంది, నాకైతే ఇంగ్లీషు గ్రామర్‌లో నచ్చిన ముక్క ఇదే.

ఇక్కడొక పేచీ ఉంది. "ది బాయ్స్ వాష్డ్ దెయిర్ షర్ట్స్" అన్నారనుకోండి, ఒక్కొక్కడు ఒక చొక్కా ఉతికాడా, బుట్టెడు ఉతికాడా తెలీదు. ఒక్కోటే అని కచ్చితంగా చెప్పాలంటే "ఈచ్ బాయ్ వాష్డ్ హిజ్ షర్ట్" అని తిప్పి రాసుకోవడమే. 'ఈచ్', 'ఎవ్రీ' రెండూ మన "ఎవరి పుస్తకం వాళ్ళు" లాంటివి, ఒక్కొక్కణ్ణీ విడిగా నిలబెట్టి చెప్తాయి, కాబట్టి వాటి పక్కనే వచ్చే నామవాచకం మామూలుగా ఏకవచనమే: "ఎవ్రీ స్టూడెంట్ హాజ్ ఏ పెన్." "ఎవ్రీ స్టూడెంట్స్" అని రాస్తే అక్కడ మార్కు పోయినట్టే. మరి మా సారు క్లాసంతటికీ "రెయిజ్ యువర్ హ్యాండ్" అంటారే, అది తప్పా అని ఒక పిల్ల అడిగింది. తప్పు కాదమ్మా, ఎదురుగా ఉన్న ఒక్కొక్కరితో విడిగా మాట్లాడుతున్నట్టు అలాగ అంటారు. ఇంగ్లీషు వాళ్ళు కూడా ఒక్కోసారి ఇలా తలకింత లెక్క వేస్తారు, కానీ పరీక్షలో కుప్ప లెక్కే సేఫు.

తర్వాత ఎక్కువగా దొరికే తప్పు ఉద్యోగాల దగ్గర. "మై బ్రదర్స్ ఆర్ డ్రైవర్", "దే వాంట్ టు బికమ్ ఏ నర్స్". 'ఆర్' కి ఇటు పక్క ఎక్కువమంది ఉంటే అటు పక్క కూడా ఎక్కువమందే ఉండాలి, తక్కెడ లాగ: "మై బ్రదర్స్ ఆర్ డ్రైవర్స్", "దే వాంట్ టు బికమ్ నర్సెస్." తెలుగులో కూడా "మా అన్నయ్యలు డ్రైవర్లు" అనే అంటాం కానీ "వాళ్ళు నర్సు అవుదామనుకుంటున్నారు" అన్నప్పుడు నర్సు ఒక మనిషి కాదు, ఒక ఉద్యోగం పేరు, అక్కడే జారిపోతాం. అలా అని తక్కెడ అన్నిచోట్లా పనిచెయ్యదు. "కౌస్ ఆన్ ది రోడ్ ఆర్ ఏ న్యూసెన్స్" కరెక్టు, ఆవులు ఎన్నున్నా గోల ఒకటే. "మై పేరెంట్స్ ఆర్ ఏ గ్రేట్ హెల్ప్ టు మీ" కూడా అంతే. అటు పక్కనున్నది మనిషో వస్తువో అయితే తూకం చూడండి, సాయం, గోల, తలనొప్పి లాంటివైతే అలాగ వదిలెయ్యండి.

'వన్ ఆఫ్' గురించి పెద్దగా చెప్పేదేం లేదు, కానీ డిగ్రీ చదివినవాళ్ళు కూడా వాట్సాప్ స్టేటస్‌లో "వన్ ఆఫ్ ది బెస్ట్ టీచర్" అని పెడతారు. 'ఆఫ్' తర్వాత గుంపు కావాలి కదా, గుంపులోంచి ఒకణ్ణి బయటికి లాగుతున్నాం, కాబట్టి "వన్ ఆఫ్ ది బెస్ట్ టీచర్స్". క్రియ మాత్రం ఆ లాగిన ఒక్కడిది: "వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ఈజ్ ఇన్ బరంపురం." 'సమ్ ఆఫ్', 'మోస్ట్ ఆఫ్' తర్వాత లెక్కపెట్టే వాటి గుంపు వస్తే దానికీ బహువచనం ఉండాలి, "సమ్ ఆఫ్ ది స్టూడెంట్స్" అన్నమాట.

భాషల పేర్ల దగ్గర మా పిల్లలందరూ పడతారు, ఎందుకంటే "ఐ నో తెలుగు అండ్ ఒడియా లాంగ్వేజ్" అని రాయని వాడు ఈ ఊళ్ళో లేడు. రెండు భాషలు కదా, "ది తెలుగు అండ్ ఒడియా లాంగ్వేజెస్" అనాలి. ఉత్తినే "తెలుగు అండ్ ఒడియా" అని వదిలేస్తే ఇంకా హాయి. "క్లాసెస్ ఎయిట్ అండ్ నైన్", "ప్లాట్‌ఫామ్స్ వన్ అండ్ టూ" కూడా ఇదే దారి.

ఇప్పుడు అసలు కష్టమైనది, అంకె వచ్చాక కూడా ఎస్ పెట్టకూడని చోటు. "టెన్ రుపీస్" సరే, కానీ "ఏ టెన్-రుపీ నోట్". "షీ ఈజ్ ఫైవ్ ఇయర్స్ ఓల్డ్", కానీ "ఏ ఫైవ్-ఇయర్-ఓల్డ్ గర్ల్". అంకెతో ఉన్న మాట వెళ్ళి ఇంకో నామవాచకం ముందు విశేషణంలాగ కూచుంటే దాని ఎస్ రాలిపోతుంది. మన "పది రూపాయల నోటు"లో 'ల' ఉంది కదా అని ఇంగ్లీషులో ఎస్ పెట్టేస్తాం, వద్దు. "ఏ టూ-అవర్ జర్నీ", "ఏ సిక్స్-ఫుట్ వాల్". గోడ ఎత్తు విడిగా చెప్తే మాత్రం "ది వాల్ ఈజ్ సిక్స్ ఫీట్ హై". డజను, వంద, లక్ష కూడా ఇదే మొండితనం చేస్తాయి, ముందు అంకె ఉంటే వాటికి ఎస్ రాదు, పక్కన ఉన్న వస్తువుకి వస్తుంది: "టూ డజన్ బనానాస్", "ఫైవ్ హండ్రెడ్ రుపీస్". అంకె లేకుండా "డజన్స్ ఆఫ్ ఎగ్స్", "హండ్రెడ్స్ ఆఫ్ పీపుల్" అంటే అప్పుడు వస్తుంది. గంటన్నర దగ్గర ఇంకో తమాషా, "వన్ అండ్ ఏ హాఫ్ అవర్స్" అంటే ఎస్ ఉంటుంది, "యాన్ అవర్ అండ్ ఏ హాఫ్" అంటే ఉండదు, ఒకటి దాటితే చాలు ఇంగ్లీషుకి బహువచనమే. ఇంకా చిత్రం, సున్నాకి కూడా బహువచనమే, "జీరో మార్క్స్". ఈ ఉదాహరణ మాత్రం మా వాళ్ళు ఒక్కసారికే గుర్తుపెట్టుకున్నారు.

పాలు, నీళ్ళు దగ్గర తెలుగు మనల్ని వెనక నుంచి తోసేస్తుంది. "పాలు విరిగిపోయాయి", "నీళ్ళు వచ్చాయి", మనకి రెండూ బహువచనం, ఇంగ్లీషుకి మిల్క్, వాటర్ అసలు లెక్కలోకే రావు. అలాగే సామాన్లు, వివరాలు, సలహాలు మనకి ఎన్నైనా ఉంటాయి, ఇంగ్లీషులో లగేజ్, ఇన్ఫర్మేషన్, అడ్వైస్, ఫర్నిచర్ వీటికి చచ్చినా ఎస్ పెట్టరు, లెక్క చెప్పాలంటే "టూ పీసెస్ ఆఫ్ అడ్వైస్" అని ముక్కలు చేసుకోవాలి. తిరగేస్తే ఇంకోటి, మనకి కత్తెర ఒకటి, కళ్ళజోడు ఒకటి, ప్యాంటు ఒకటి. ఇంగ్లీషు వాడు రెండు కాళ్ళు చూసి "సిజర్స్", "గ్లాసెస్", "ట్రౌజర్స్" అని బహువచనం చేసేశాడు. "మై సిజర్స్ ఆర్ లాస్ట్" అనాలి, పోయింది ఒక్క కత్తెరే అయినా.

ఇంకొన్నిటికి కారణం అడక్కండి, అలాగే నోటికి రానివ్వండి. "ఐ షుక్ హ్యాండ్స్ విత్ హిమ్", చెయ్యి ఇచ్చింది నేను ఒక్కణ్ణే కానీ కలిసినవి రెండు. "ఐ మేడ్ ఫ్రెండ్స్ విత్ హర్", "ఐ చేంజ్డ్ ట్రైన్స్ ఎట్ నౌపడా", ఒక రైలు దిగి ఇంకో రైలు ఎక్కాను కదా మరి. (మా పెద్దవాళ్ళు మాత్రం నౌపడా అనగానే నేరోగేజ్ రోజుల చిన్నరైలు కబుర్లు మొదలెడతారు, ఇంక ఆ పూట గ్రామర్ సాగదు.) దీనికి ఎదురుగా "దే వెంట్ ఆన్ ఫుట్", ఎంతమంది నడిచినా ఫుట్ ఒకటే. "దే కెప్ట్ యాన్ ఐ ఆన్ ది చైల్డ్" అంటే పిల్లాడి మీద కన్నేసి ఉంచారని, ఇక్కడ కన్ను తెలుగులో లాగే ఒకటే. పేపర్లో మాత్రం "టెన్ పీపుల్ లాస్ట్ దెయిర్ లైవ్స్" అని చూస్తారు, 'లైఫ్' అని రాస్తే పదిమందికీ ఒకటే ప్రాణం అయిపోతుంది, మన కథల్లో చిలకలో ప్రాణం ఉన్నట్టు.

సరే, కాగితం తీసి ఈ ఐదూ దిద్దండి, కింద జవాబులు చూడకుండా.

1. ఆల్ మై ఫ్రెండ్స్ వాంట్ టు బికమ్ యాన్ ఇంజినీర్.
2. గోపాల్‌పూర్ ఈజ్ వన్ ఆఫ్ ది బెస్ట్ బీచ్ ఇన్ ఒడిశా.
3. ది ప్యాసింజర్స్ షోడ్ దెయిర్ టికెట్ అండ్ టుక్ దెయిర్ లగేజెస్.
4. షీ బాట్ ఏ సిక్స్-యార్డ్స్ సారీ.
5. మై బ్రదర్స్ అండ్ ఐ లివ్ విత్ అవర్ గ్రాండ్‌మదర్.

మొదటిదాంట్లో 'యాన్' తీసేసి ఇంజినీర్స్. రెండోదాంట్లో బీచెస్. మూడోదాంట్లో టికెట్స్ అవుతుంది, లగేజెస్ కాస్తా లగేజ్ అవుతుంది, ఒకే వాక్యంలో ఒకదానికి పెట్టాలి ఒకదానికి తియ్యాలి, ఇక్కడే ఎక్కువమంది తికమక పడ్డారు. నాలుగోది సిక్స్-యార్డ్, చీర ముందు విశేషణంలాగ కూచుంది కాబట్టి. ఐదోదానికి మా బ్యాచ్‌లో సగం మంది ఉత్సాహంగా గ్రాండ్‌మదర్స్ అని దిద్దేశారు, కానీ దాంట్లో తప్పేం లేదు, అన్నదమ్ములెంతమంది ఉన్నా ఆ ఇంట్లో నాయనమ్మ ఒక్కర్తే.