బెంగళూరు నుంచి బిడ్డను ఇంటికి తీసుకువెళ్ళే ముందు

అనంతపురం, చిత్తూరు వైపు నుంచి పిల్లల క్యాన్సర్ చికిత్స కోసం బెంగళూరు హోసూరు రోడ్డులోని కిద్వాయి ఆసుపత్రికి వచ్చే తెలుగు కుటుంబాల్లో, ఇక జబ్బు నయం కాదని డాక్టరు చెప్పిన రోజున చాలామంది అనే మాట ఒకటే: "ఇంక ఊరికి పోతాం సార్." పోవడం తప్పు కాదు, బిడ్డకూ అవ్వ ఒడి, తెలిసిన వాకిలి కావాలనిపిస్తుంది. అయితే మందుల ఏర్పాటు లేకుండా ఆ రాత్రే బస్సెక్కకూడదు. ముందుగా, నొప్పి, ఆయాసం వంటి బాధలను తగ్గించి రోగికీ కుటుంబానికీ తోడుండే పాలియేటివ్ కేర్ విభాగాన్ని కలవాలి. (జబ్బు బయటపడిన నాటి నుంచే కలవవలసిన విభాగం అది. అక్కడికి పంపడమంటే చేతులెత్తేయడమేనన్న అపోహ వల్ల చివరిదాకా ఎవరూ అటు తొంగిచూడరు.)

అక్కడ మొదట తేల్చుకోవలసింది నొప్పి సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో పిల్లల నొప్పికి రెండు మెట్ల పద్ధతిని సూచించింది: కొద్దిపాటి నొప్పికి పారాసిటమాల్ లేదా ఐబుప్రొఫెన్, అంతకు మించితే నల్లమందు నుంచి వచ్చే బలమైన నొప్పి మందు మార్ఫిన్. ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టేందుకు తోడ్పడే కణాలు) తగ్గిన బిడ్డకు డాక్టరును అడగనిదే ఐబుప్రొఫెన్ ఇవ్వకూడదు. మార్ఫిన్ పేరు వినగానే అది వ్యసనమవుతుందేమో, ఆయుష్షు తగ్గిస్తుందేమో అని తండ్రులు వెనకాడతారు. నొప్పిని బట్టి డాక్టరు లెక్కకట్టి ఇచ్చే మోతాదుకు ఆ భయం అక్కర్లేదు. నాలుగు గంటలకొకసారి ఇమ్మన్న మందును బిడ్డ ఏడ్చేదాకా ఆగి ఇస్తే నొప్పి ముందే ముదిరిపోతుంది గనుక, పాత క్యాలెండరు కాగితం వెనుక 6, 10, 2 అని వేళలు రాసి గోడకు అంటించుకోవాలి. ద్రవ మందును చెంచాతో కాక సూది లేని సిరంజితో కొలవాలి. మలబద్ధకం దాదాపు తప్పదు, అందుకు మందు మొదటి రోజు నుంచే అడిగి తీసుకోవాలి. బిడ్డ లేపినా లేవకుండా, ఊపిరి మరీ నెమ్మదిస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి.

2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించాక గుర్తింపు పొందిన ఆసుపత్రులకు మార్ఫిన్ తెప్పించుకోవడం సులువైంది గానీ, ఊళ్ళోని మందుల షాపులో దొరుకుతుందనుకోవద్దు. మళ్ళీ వచ్చేదాకా సరిపడా మందు, చీటీ, డిశ్చార్జి కాగితాలు, రాత్రిపూట పలికే ఫోన్ నంబరు చేతికి వచ్చాకే బయలుదేరాలి. ఊరికి వెళ్ళే వీలు లేనివారు, మారతహళ్ళి వైపు 1999 నుంచి క్యాన్సర్ రోగులను ఉచితంగా చూసుకుంటున్న కరుణాశ్రయ అనే సంరక్షణ కేంద్రంలో తమ బిడ్డను చేర్చుకునే వీలుందేమో ఆ విభాగం ద్వారానే కనుక్కోవాలి.

బిడ్డకు ఏమీ తెలియదనుకోవడం పెద్దల భ్రమ. వార్డులో ఒక పాప, తల్లి టిఫిన్ కోసం బయటికి వెళ్ళినప్పుడు, "నా రంగుపెన్సిళ్ళు చెల్లికి ఇవ్వమని అమ్మకు చెప్తావా అక్కా?" అని నన్నడిగింది. అటువంటప్పుడు "అట్లా మాట్లాడకూడదు" అని నోరు మూయించకుండా, "ఎందుకట్లా అనిపించింది?" అని అడిగి, అడిగినంత వరకే, నిజమే చెప్పాలి. తోబుట్టువులకూ చెప్పాలి, లేకుంటే తాను కొట్టినందుకే తమ్ముడికి జబ్బు చేసిందని ఒక అక్క లోలోపల కుమిలిపోవచ్చు.

చివరి రోజుల్లో బిడ్డ గంజి కూడా వద్దంటే తల్లి ప్రాణం ఆగదు, కానీ బలవంతంగా పోస్తే పొలమారుతుంది. తడి గుడ్డతో నోరు తుడిచి, పెదవులకు కాస్త కొబ్బరినూనె రాయడం చాలు. ఆయాసమొస్తే తల ఎత్తుగా పెట్టి, ఫ్యాను గాలి ముఖానికి తగిలేలా తిప్పి, ఆయాసానికని డాక్టరు రాసిచ్చిన అదనపు మోతాదు ఇచ్చి, అంబులెన్సు కంటే ముందు ఆ రాత్రి నంబరుకే ఫోన్ చేయాలి.