వారంటీలో ఉన్న వస్తువు పాడైతే ఏం చేయాలి? మెకానిక్‌కు ఓటీపీ చెప్పే ముందు చదవండి

బిల్లు, వారంటీ కార్డు, వస్తువు వెనకాల ఉండే సీరియల్ నంబర్. కొన్న రోజే ఈ మూడింటినీ ఫోటో తీసుకోండి. షాపులో మిషన్ మీద కొట్టిచ్చే బిల్లు కొన్నాళ్లకు వెలిసిపోతుంది. బిల్లు ఇవ్వనన్న చోట అసలు కొనకండి.

వస్తువు మొరాయించగానే వీడియో తీసి, కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి కంప్లయింట్ నంబర్ రాసుకోండి. షాపులో కూడా చెప్పండి. "మాకు సంబంధం లేదు, కంపెనీతో మాట్లాడుకోండి" అంటారు. వినకండి. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకుని డబ్బివ్వనంటే అది 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని గోడకు బోర్డు తగిలించినంత మాత్రాన చట్టం మారదు.

ఇక మెకానిక్ ఇంటికొచ్చే రోజు. అందరూ దెబ్బతినేది ఇక్కడే.

మా ఫ్రిజ్ చల్లబడటం మానేసినప్పుడు వచ్చినబ్బాయి వెనక మూత విప్పి చూసి, "కంప్రెసర్ పోయిందండీ, పార్టు రావడానికి పది రోజులు పడుతుంది. మీ ఫోన్‌కు ఓటీపీ వచ్చింది, చెప్తారా అమ్మా" అన్నాడు. మా అమ్మ చెప్పేసింది. పది రోజుల తర్వాత ఫోన్ చేస్తే, రిపేరు పూర్తయిందని కంప్లయింట్ క్లోజ్ చేసేశారు. మళ్లీ మొదటికొచ్చాం. వారంటీకి అప్పటికి నాలుగు రోజులే ఉంది.

ఆ ఓటీపీ చెప్పడమంటే పని పూర్తయిందని సంతకం పెట్టినట్టే. వస్తువు మీ కళ్లముందు పనిచేసేదాకా చెప్పకండి. "టార్గెట్ ఉందండీ" అని ఆ అబ్బాయి బతిమాలతాడు. అతని ఇబ్బంది నిజమే కావచ్చు. మంచినీళ్లిచ్చి మర్యాదగా పంపండి, ఓటీపీ మాత్రం వద్దు. మెకానిక్ ఏం చూశాడో, ఏం చేశాడో రాసి మీ సంతకం అడిగే కాగితమే జాబ్ షీట్. అందులో ప్రతి అక్షరం చదవండి. "చెక్ చేశాం, ఓకే" అని ఉంటే సంతకం పెట్టకండి. "కూలింగ్ లేదు, కంప్రెసర్ మార్చాలి" అని తేదీతో సహా రాయించుకోండి. "వోల్టేజ్ సమస్య", "కస్టమర్ వల్ల డ్యామేజ్" లాంటి మాట కనిపిస్తే మరీ జాగ్రత్త. రేపు వారంటీ వర్తించదనడానికి దాన్నే చూపిస్తారు. కొట్టేయమనండి. కొట్టేయకపోతే పక్కనే "నేను ఒప్పుకోను" అని మీ చేత్తో రాసి, ఫోటో తీసుకోండి.

అప్పటికీ కదలకపోతే షాపుకూ, కంపెనీకీ ఒకే ఉత్తరం రాయండి. ఒక్క పేజీ, 15 రోజుల గడువు, స్పీడ్ పోస్ట్. సోషల్ మీడియాలో తిడితే "మీ నంబర్ మెసేజ్ చేయండి" అని జవాబిచ్చి ఊరుకుంటారు. పోస్టాఫీసు రసీదు అలా కాదు, రేపు వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తే చూపించడానికి పనికొస్తుంది. మా ఫ్రిజ్‌కు కొత్త కంప్రెసర్ వచ్చింది ఆ ఉత్తరం అందాకే.

ఉత్తరంలో ఇచ్చిన గడువు దాటితే 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కేసు మీరు ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లోనూ వేయొచ్చు. లాయర్ తప్పనిసరి కాదు. కట్టిన ధర 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. సమస్య తలెత్తిన నాటి నుంచి 2 ఏళ్లలోపు వేయాలి. వస్తువు ధరతో పాటు మీరు తిరిగిన ఖర్చు, పడ్డ ఇబ్బందికి పరిహారం కూడా విడివిడిగా అడగండి. కాగితాల్లో అన్నిటికంటే పైన జాబ్ షీట్ పెట్టండి.