రికార్డు వినడం నేర్చుకుందాం – మూడో పాఠం: స్టీవ్ ఎర్ల్, ఒక మాండలిన్

మొదటి పాఠంలో కింది స్వరాలు మోగించే బేస్‌ను, రెండో పాఠంలో పెడల్ స్టీల్ గిటార్‌ను పాటలోంచి విడదీసి వినడం సాధన చేశాం. ఈసారి ఒక్క పాటతో ఆగకుండా ఒకే కళాకారుడి రికార్డులు కొన్ని తీసుకుని, వాటన్నిటిలో ఒకే వాయిద్యాన్ని వెంబడిద్దాం. కళాకారుడు అమెరికా గాయకుడు, పాటల రచయిత స్టీవ్ ఎర్ల్, వాయిద్యం మాండలిన్.

ఎర్ల్ 1955లో పుట్టాడు, టెక్సాస్‌లో పెరిగాడు. 1986లో వచ్చిన అతని మొదటి ఆల్బమ్ ‘గిటార్ టౌన్’ అమెరికాలో కంట్రీ (అక్కడి పల్లె బాణీ సంగీతం) ఆల్బమ్‌ల చార్టులో మొదటి స్థానానికి చేరింది. మంచి ఆల్బమే, కానీ అందులో రాజ్యం గిటార్లది కాబట్టి ఇవాళ దాన్ని పక్కన పెడదాం. ఈ పాఠానికి నేను ఎర్ల్‌నే ఎంచుకోవడానికి కారణం ఉంది. అతని గొంతు పెద్దగా మారదు. చుట్టూ వాయించేవాళ్లు మారిపోతూ ఉంటారు. చెవికి సాధన కావాలంటే అంతకన్నా మంచి సరుకు దొరకదు.

ముందు మాండలిన్ గొంతు గుర్తుపట్టాలి. మాండలిన్ అనగానే మనకు పాలకొల్లు శ్రీనివాస్ గుర్తొస్తారు. ఆయనది ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్. ఇక్కడ వినబోయేది ఎనిమిది తీగలది. రెండేసి తీగలు ఒకే స్వరానికి బిగించి ఉంటాయి, వయొలిన్ శ్రుతే. జంట తీగలు కలిసి మోగుతాయి కాబట్టి శబ్దంలో సన్నటి మెరుపు ఉంటుంది. గిటార్ కన్నా పైస్థాయిలో, పొట్టిగా మోగి ఆగిపోతుంది.

ఇక 1988 నాటి ‘కాపర్‌హెడ్ రోడ్’ టైటిల్ పాట పెట్టండి. హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. మొదట బ్యాగ్‌పైప్‌ (గాలి తిత్తితో వాయించే వాయిద్యం) లాంటి ఒక నాదం వినిపిస్తుంది. దాని మీదికి మాండలిన్ వస్తుంది, వాయించేది ఎర్లే. టెనసీ కొండల్లో మూడు తరాల కథ ఇది. తాత దొంగసారా కాచాడు, తండ్రి దాన్ని కారులో నాక్స్‌విల్‌కి చేరవేశాడు, కొడుకు వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చి గంజాయి మొదలుపెట్టాడు. తాతా తండ్రుల కథ నడిచేంతసేపు పాటను మోసేది మాండలినే. తండ్రి కథ ముగియగానే డ్రమ్స్, ఎలక్ట్రిక్ గిటార్లు ఒక్కసారిగా మీద పడతాయి. కొడుకు సైన్యంలో చేరిన సంగతి ఆ తర్వాతే వస్తుంది. తరం మారినప్పుడు సంగీతం కూడా మారింది, గమనించారా? పాత కొండల వాయిద్యం నుంచి రాక్‌లోకి ఒకే పాటలో అడుగేశాడు ఎర్ల్. నా దృష్టిలో అతని మొత్తం పనిలో ఇంత పకడ్బందీగా కట్టిన పాట ఇంకోటి లేదు.

సాధన ఇలా చేయండి. మొదటిసారి ఊరికే వినండి. రెండోసారి మాటలు వదిలేసి మాండలిన్ ఒక్కదాన్నే పట్టుకోండి. బ్యాండ్ మీద పడ్డాక అది మీ చెవికి ఇంకా అందుతోందో లేదో చూసుకోండి. అందకపోతే టెన్షన్ పడక్కర్లేదు, వెనక్కి జరిపి మళ్లీ వినండి.

1994లో ఎర్ల్ మాదకద్రవ్యాల కేసులో జైలుకెళ్లాడు, చికిత్స తీసుకున్నాడు. ఆ తర్వాత 1995లో వచ్చిన ‘ట్రెయిన్ ఎ కమిన్’లో రాక్ హోరు లేదు, అన్నీ కరెంటు అక్కర్లేని వాయిద్యాలే. ఇక్కడ మాండలిన్ పీటర్ రోవన్‌ది. కంట్రీలోనే కరెంటు అక్కర్లేని తీగ వాయిద్యాలతో నడిచే శాఖ బ్లూగ్రాస్. దానికి పునాది వేసిన బిల్ మన్రో బృందంలో రోవన్ ఒకప్పుడు పనిచేసినవాడు.

ఆ మన్రో 1996లో చనిపోయాడు. ఆయన మీద గౌరవంతో ఎర్ల్ 1999లో డెల్ మెకౌరీ బ్యాండ్‌తో కలిసి ‘ది మౌంటెన్’ చేశాడు. మెకౌరీ కూడా మన్రో దగ్గర పాడినవాడే, మాండలిన్ వాయించేది అతని కొడుకు రానీ. ఇందులో మొదటి పాట ‘టెక్సాస్ ఈగిల్’ వినండి. డ్రమ్స్ లేవు, అయినా తాళం ఎక్కడా జారదు. ఎందుకంటే దెబ్బ కొట్టేది మాండలినే. ఎడమచేతి వేళ్లతో తీగలు నొక్కి, కుడిచేత్తో మీటిన మరుక్షణం వేళ్లు సడలిస్తారు. స్వరం సాగకుండా ‘చక్’మని తెగిపోతుంది. దీన్ని చాప్ అంటారు. భజనలో చిడతలు చేసే పని ఇదే. నాలుగు లెక్కల తాళంలో ఒకటి, మూడు మీద బేస్, రెండు, నాలుగు మీద చాప్. మొదటి పాఠంలో బేస్ పట్టుకోవడం వచ్చింది కదా, ఆ రెండు బేస్ దెబ్బల మధ్య ఖాళీలో చప్పట్లు కొట్టండి, చాప్ సరిగ్గా మీ చేతుల కిందే దొరుకుతుంది. రానీ సోలో అందుకున్నప్పుడు చాప్ ఆగిపోతుంది. అప్పుడు తాళం భారం ఎవరి మీద పడిందో వెతకండి.

వచ్చే పాఠం లోపల 2000లో వచ్చిన ‘ట్రాన్సెండెంటల్ బ్లూస్’లోని ‘ది గాల్వే గర్ల్’ వినండి. ఐర్లండ్ కళాకారులతో చేసిన పాట, అకార్డియన్ షారన్ షానన్‌ది. రెండు ప్రశ్నలకు జవాబు రాసుకోండి: ఇక్కడ మాండలిన్ దెబ్బ కొడుతోందా, వరస పాడుతోందా? అకార్డియన్ అదే వరస అందుకున్నాక మాండలిన్ ఏం చేస్తోంది?